పరాయి రైతు పొలంలోంచి నడిచి వెళ్లొచ్చా?

ప్రశ్న: వేసవి సెలవులకు ఇంగ్లండు ఉత్తరాన, యార్క్‌షైర్ డేల్స్‌లో ఉంటున్న స్నేహితుల ఇంటికి వెళ్తున్నాం. భోజనాలయ్యాక వాళ్లు ఎవరిదో పొలం గేటు తీసి, గొర్రెల మధ్యగా షికారుకు తీసుకెళ్తారట. రైతు ఏమీ అనడట. ఎందుకు అనడు? మేం ఎలా మసలుకోవాలి?

జవాబు: అక్కడ నడిచే హక్కు మీకు ఉంది కాబట్టి అనడు. నేల రైతుదే, గడ్డి రైతుదే, గొర్రెలూ రైతువే. ఆ పొలం మీదుగా పోయే కాలిబాటలో నడక మాత్రం అందరిదీ. మన గ్రామ పటాల్లో డొంక, పుంత సాధారణంగా ప్రభుత్వ భూమి. పక్క పొలాలతో దానికి సంబంధం లేదు. అక్కడి కాలిబాట అలా కాదు, చాలాచోట్ల రైతు సొంత నేలలోనే ఉంటుంది.

ఈ హక్కు ఎలా వచ్చింది? ఆ బాటల్లో చాలా భాగం మీరు చూడబోయే రాతిగోడల కన్నా పాతవి. చర్చికి, సంతకు, సీసపు గనులకు, పక్క ఊరికి జనం నడిచి నడిచి పడినవి. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలు చేసి, ఊరుమ్మడి బీళ్లను పంచి, ఎవరి వాటాకు వాళ్లు గోడ కట్టుకోమంది. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి. అప్పుడు కొన్ని బాటలు మూసుకుపోయాయి. మిగిలినచోట మనిషి పట్టి గొర్రె పట్టనంత సందు వదిలారు, లేదా గోడలోంచే పొడుచుకొచ్చేలా రాతిమెట్లు పెట్టారు. వాటి మీదుగానే మీరూ దాటుతారు.

చట్టం కూడా నడకనే సాక్ష్యంగా తీసుకుంటుంది. ఒక బాటలో జనం అనుమతి అడక్కుండా, చాటుమాటు లేకుండా, బలవంతం చేయకుండా 20 ఏళ్లు వరసగా నడిస్తే, అది ప్రజల దారి కాదని యజమాని ఆ కాలంలో స్పష్టం చేయకపోతే, ఆ దారి ప్రజలదే అయిందని 1980 నాటి రహదారుల చట్టం భావిస్తుంది. ఇలాంటి దారులన్నిటినీ పటాలకెక్కించాలని 1949 చట్టం స్థానిక కౌన్సిళ్లను ఆదేశించింది. ఇంగ్లండు, వేల్స్‌లలో వీటి పొడవు దాదాపు 2,25,000 కిలోమీటర్లు.

కొండల మీది బీళ్ల కథ వేరు. గ్రౌస్ పిట్టల వేట కోసం భూస్వాములు వాటిని కాపలాపెట్టి కాపాడుకునేవారు. వారమంతా మాంచెస్టర్, షెఫీల్డ్‌ల పొగలో పనిచేసే కార్మికులకు ఆదివారం కొండగాలి పీల్చుకునే వీలు కూడా ఉండేది కాదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే 20 ఏళ్ల యువకుడి వెంట కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండెక్కారు. అయిదుగురు జైలుకెళ్లారు. 1949 చట్టంతో జాతీయ ఉద్యానవనాలకు దారి ఏర్పడింది. 1954లో డేల్స్ వాటిలో ఒకటైంది. 2000 నాటి చట్టం పటంలో గుర్తించిన కొండలూ బీళ్లలో కాలినడకన ఎటైనా తిరిగే హక్కునిచ్చింది. పొలంలో మాత్రం బాట వదలకూడదు.

ఇక ఎలా మసలుకోవాలి? పసుపు బాణం గుర్తుంటే నడిచేవాళ్ల దారి. నీలం బాణం ఉంటే గుర్రాలూ సైకిళ్లూ కూడా రావచ్చు. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో ఈ దారులు ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి: మూసి ఉంటే మందలు కలవకూడదని, తెరిచి ఉంటే పశువులు నీళ్లకు పోవాలని రైతు ఉద్దేశం కావచ్చు. పూలు నిండిన గడ్డి మైదానంలో ఒకరి వెనక ఒకరు నడవండి. ఆ గడ్డే చలికాలానికి పశువుల మేత. గోడలెక్కకండి, పొలం గేటుకు అడ్డంగా కారు ఆపకండి. దూడలున్న ఆవులకు దూరంగా జరగండి. స్నేహితుల కుక్క వెంట ఉంటే తాడు పట్టుకోండి. ఆవులు తరుముకొస్తే మాత్రం తాడు వదిలేయాలి. అవి కుక్క వెంట పడతాయి, మీరు తప్పుకోవచ్చు.

డబ్బున్నవాళ్లకూ లేనివాళ్లకూ, ఊరివాళ్లకూ నిన్న విమానం దిగిన అతిథులకూ ఇక్కడ ఒకే హక్కు. ఒక దేశం మరో దేశం నుంచి నేర్చుకోదగిన మంచి ఇదని నా నమ్మకం. అందుకే ఒక మాట అడుగుతాను. బాట మీద ముళ్లకంప పెరిగినా, మెట్లు విరిగినా, ఎవరైనా తాళం వేసినా చుట్టూ తిరిగి పోయి ఊరుకోకండి. ఆ చోటు పటంలో గుర్తుపెట్టి, స్నేహితులచేత స్థానిక కౌన్సిల్‌కు చెప్పించండి. దారిని తెరిచి ఉంచే బాధ్యత దానిదే.