పిన్నుతో కదిలిన కారు

కిరసనాయిలు పంపు స్టవ్వు ఒక్కోసారి మండదు. సన్నని బెజ్జంలో నలక అడ్డుపడుతుంది. పిన్నుతో పొడిస్తే మళ్లీ మండుతుంది. మొదటి రోజుల్లో కార్లకూ ఇదే బాధ!

జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల కారు తయారుచేశాడు. 1886లో దానికి పేటెంటు హక్కు పొందాడు. కానీ జనం నమ్మలేదు. కొనేవాళ్లు కరువయ్యారు. భార్య బెర్తా పెళ్లికి ముందే తన కట్నం డబ్బు అతని కార్ఖానాకు పెట్టింది. అదంతా వృథా కావాలా?

1888 ఆగస్టులో ఒకరోజు బెర్తా తెల్లవారకముందే లేచింది. భర్తకు చెప్పలేదు. ఇద్దరు కొడుకులతో కారెక్కింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు.

ఆ కారుకు వేరే ట్యాంకు లేదు. కార్బురేటరులో పట్టేది నాలుగున్నర లీటర్లే. పెట్రోలు బంకులు ఇంకా పుట్టలేదు. దారిలో చమురు చాల్లేదు. అప్పట్లో మరకలు తీసే తేలిక చమురు మందుల షాపుల్లో దొరికేది. వీస్లోక్ ఊళ్లో అది కొని పోసింది.

ఒకచోట ఇంజను ఆగిపోయింది. చమురు గొట్టంలో నలక చేరింది. చమురు అందకపోతే ఇంజనులో మంట పుట్టదు. బండి కదలదు. బెర్తా తన టోపీ పిన్ను తీసింది. గొట్టం శుభ్రం చేసింది. ఇంజను మళ్లీ నడిచింది!

ఎత్తులు వస్తే పిల్లలు తోశారు. చీకటి పడే వేళకు పుట్టిల్లు చేరారు. బెర్తా భర్తకు తంతి ఇచ్చింది.

ఇప్పటి బండ్లలో నలకలు ఆపే ఫిల్టరు ఉంటుంది. టీ వడపోసినట్టే, చమురును వడపోస్తుంది.