లాటు డబ్బు వచ్చే పంట దాకా నిలవాలంటే

పాలు పోసేవాళ్లకు డెయిరీ బిల్లు మాటిమాటికీ వస్తుంది. జీతగాళ్లకు ఒకటో తేదీ ఉంది. తోటంతా ఒకేసారి కత్తిరించి పురుగు పెట్టే మనకు మాత్రం ఏడాదిలో ఐదారు సార్లే డబ్బు కనిపిస్తుంది. ఖర్చు రోజూ ఉంటుంది. రాగులైతే రేటు వచ్చేదాకా ఇంట్లో పోసుకోవచ్చు, గూడు ఆగదు. చంద్రికె ఎక్కించిన ఏడెనిమిది రోజులకు విడిపించి మార్కెట్టుకు తీసుకుపోవాల్సిందే. ఇంకో వారం ఉంచితే రెక్కల పురుగు గూటికి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. శిడ్లఘట్ట అయినా రామనగర అయినా, ఆ పొద్దు పలికిన రేటుకే ఇచ్చి రావాలి.

ఒక లెక్క వేద్దాం. 200 గుడ్ల చాకీ తెచ్చి 140 కిలోల గూడు తీశామనుకోండి. చాకీకి 8,000, కూలికి 12,000, ఎరువులకు 5,000, బ్లీచింగు, సున్నం, బెడ్డు పౌడరుకు 3,000, బాడుగకు 2,000. మొత్తం 30,000 పెట్టుబడి. కిలో 500 పలికితే 70,000 వస్తుంది, 40,000 మిగులుతుంది. అదే 350 పలికితే వచ్చేది 49,000, మిగిలేది 19,000. ఇంటి ఖర్చు నెలకు 15,000 అనుకున్నా, వచ్చే లాటు దాకా రెండు నెలలకు 30,000 కావాలి. 11,000 తక్కువ పడింది. ఎవరి రేట్లు వాళ్లు వేసి చూసుకోండి, మీ అంకెలు వేరేగా ఉంటాయి.

ఈ తక్కువ పడింది ఎక్కడినుంచి తెస్తామనేదే అసలు సంగతి. చేబదులు తెస్తే నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36. అప్పు వద్దనుకున్నవాళ్లు తరువాతి పంటలో ఏదో ఒకటి తగ్గిస్తారు. చాకీ తగ్గదు, కూలి తగ్గదు. తగ్గేది షెడ్డు కడిగే మందే. పోయిన పంట బాగానే వచ్చింది కదా, ఈసారికి సున్నం చల్లితే చాలులే అంటారు. నాలుగో జ్వరం లేచినాక పాలు కారే రోగమో, సున్నపుకట్టో కనిపిస్తుంది. అప్పటికి చాకీ, కూలి, ఆకు అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. 3,000 మిగుల్చుకోబోతే లాటంతా పోతుంది. రోగం గాలికి వచ్చిందంటాం గానీ, చాలాసార్లు అది ఖాళీ జేబులోంచే వస్తుంది.

అందుకే మా ఊర్లో మేము కొందరం లాటు డబ్బు ఖాతాలో పడిన రోజే వచ్చే పంట పెట్టుబడిని ఇంకో ఖాతాకు మార్చేస్తాం. రేటు ఎంత పలికినా సరే, ముందు అది. బండి కంతు, సంఘం కంతు కోసుకునే ఖాతాలో దాన్ని ఉంచం, తెలియకుండానే కరిగిపోతుంది. ఇల్లు మిగిలినదాంట్లో నడవాలి. ఇంట్లో ఆడవాళ్లతో ఈ మాట ముందే తేల్చుకోవాలి, లేకుంటే పండగొచ్చినప్పుడు రచ్చవుతుంది. రేటు బాగున్న లాటులో ఎక్కువ వచ్చింది ఒక పంట పెట్టుబడి అంత జమయ్యేదాకా ముట్టుకోం. ఒక పంట పూర్తిగా పోయినా మళ్లీ చాకీ తేవడానికి అదే దిక్కు.

ఇంకోటి, తోటను రెండు భాగాలు చేయడం. ఒక ఎకరా ఉంటే అర ఎకరా ఇప్పుడు, ఇంకో అర ఎకరా నెల తరువాత కత్తిరించాలి. లాటు సగమే వస్తుంది గానీ దాదాపు నెలకొకటి వస్తుంది. ఒక లాటు 350కి పోయినా, నెలకే ఇంకో లాటు చేతికొస్తుంది. కష్టం కూడా ఉంది. రెండో జ్వరం దాటిన పురుగు తెచ్చినప్పటినుంచి గూడు విడిపించేదాకా ఇరవైనాలుగు, ఇరవైఐదు రోజులు పడుతుంది. షెడ్డు కడిగి ఆరబెట్టడానికి వారం కూడా కష్టంగానే దొరుకుతుంది. ఆ వారం మిగలకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు. పెళ్లిళ్లకు, జాతరలకు ఇంటిల్లిపాదీ కలిసి పోవడం కూడా మరిచిపోవాలి.

రెండు ఆవులున్నవాళ్లు సంత, సరుకులు పాల డబ్బులతోనే నడుపుకుంటే లాటు డబ్బు కదలదు. మిగిలిన ఆకు కొమ్మలు ఆవులకు పనికొస్తాయి, బెడ్డు పౌడరు చల్లినవి మాత్రం వేయకండి.