35 రోజుల రక్తం

తల్లిదండ్రులు, వైద్యులు, దాతలు కలిసి 1998లో హైదరాబాద్‌లో స్థాపించిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ, శివరాంపల్లికి మారకముందు చార్మినార్‌కు సమీపంలోని పురానీ హవేలీ ప్రాంతంలో, ఛత్తా బజార్‌లో నడిచింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు సంక్రమించిన బిడ్డ శరీరం హిమోగ్లోబిన్‌ను, అంటే ఎర్రకణాల్లో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని, తగినంతగా తయారుచేసుకోలేకపోవడమే తలసీమియా. అది తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. రక్తాన్ని నిల్వచేయడం తెలియని కాలంలో ఇటువంటి బిడ్డ బాల్యం దాటుతుందన్న ఆశే ఉండేది కాదు.

1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను వివరించిన తరువాత కూడా దాత రోగి పక్కనే ఉండవలసి వచ్చేది, ఎందుకంటే శరీరం వెలుపలికి వచ్చిన రక్తం నిమిషాల్లో గడ్డకడుతుంది. గడ్డకట్టడానికి కాల్షియం కావాలి, సోడియం సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. 1914లో బెల్జియంలో ఆల్బర్ట్ హస్టిన్, అర్జెంటీనాలో లూయీస్ అగోటే ఆ లవణం కలిపిన రక్తాన్ని రోగులకు ఎక్కించారు. 1916లో రౌస్, టర్నర్ దానికి గ్లూకోజ్ చేర్చి, కణాలకు ఆహారం అందితే రక్తం రోజుల తరబడి నిలుస్తుందని చూపగా, మరుసటి ఏడాదే ఓస్వాల్డ్ రాబర్ట్‌సన్ యుద్ధరంగంలో రక్తాన్ని నిల్వ ఉంచారు. నేడు సిట్రేట్, ఫాస్ఫేట్, డెక్స్‌ట్రోజ్, అడినిన్ కలిసిన ద్రావణంలో, 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో రక్తం 35 రోజులు పనికివస్తుంది.

కణాలను వేరుచేయగా మిగిలే లేతపసుపు ద్రవమైన ప్లాస్మా అంతకన్నా ఎక్కువకాలం నిలుస్తుందన్న సంగతిని పెద్దయెత్తున ఆచరణలోకి తెచ్చినవారిలో చార్లెస్ డ్రూ ముఖ్యులు. 1940లో న్యూయార్క్ నుంచి బ్రిటన్‌కు ప్లాస్మా పంపే కార్యక్రమాన్ని పర్యవేక్షించింది ఆయనే. నల్లజాతికి చెందిన ఆ వైద్యుడు, రక్తాన్ని జాతిని బట్టి విడివిడిగా ఉంచడానికి శాస్త్రీయ ఆధారం లేదని బహిరంగంగా చెప్పారు. ఆ మాట ఆయన పరిశోధనకు ఏమాత్రం తీసిపోదు.

ఇప్పుడు దాత ఇచ్చిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి విడదీస్తారు కాబట్టి, ఎర్రకణాలు తలసీమియా బిడ్డకు అందితే, మైనస్ 30 డిగ్రీల్లో ఏడాది దాచగల ప్లాస్మా రక్తం గడ్డకట్టే గుణం లోపించిన కాలేయరోగికి, 5 రోజులే నిలిచే ప్లేట్‌లెట్లు మరొకరికి చేరగలవు.

సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమివ్వడం దేశంలో నిషిద్ధమైంది. కళాశాలలకు సెలవులుండే వేసవిలోనూ, ఉపవాసాల రంజాన్ మాసంలోనూ దాతలు తగ్గుతారు గాని, పిల్లల అవసరం తగ్గదు. 18 ఏళ్లు నిండి, ఆరోగ్యంగా, 45 కిలోలకు తగ్గని బరువున్న పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి రక్తమివ్వవచ్చు. దాతలు తగ్గే వేసవి, రంజాన్ రోజుల్లో, ఇఫ్తార్ తరువాతనైనా సరే, దగ్గరలోని రక్తనిధికి వెళ్లవలసిందిగా పాఠకులకు విన్నపం.