ఉపగ్రహముల కొలతలు – వాని ప్రమాణము

అంగడిలో బియ్యము కొనునపుడు తూనికరాయిపై ముద్ర యున్నదా లేదా యని చూచుట వివేకము. ఆ రాయిని తూనికల శాఖవారి రాతితోను, దానిని అంతకంటె మేలైన రాతితోను సరిచూచుచు పోయినచో, తుదకు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందలి ప్రమాణమును చేరుదుము. నడుమ ఒక్క లంకె తెగినను ఆ తూకము నమ్మదగినది కాదు. ఆకాశమునుండి భూమిని కొలుచు ఉపగ్రహములకును ఇట్టి గొలుసే కావలెను.

ఉపగ్రహము ఉష్ణోగ్రతను గాని, పైరు పచ్చదనమును గాని నేరుగా కొలువజాలదు. భూమినుండి వచ్చు కిరణముల తీవ్రతను మాత్రమే గ్రహించును. దానిని ఉష్ణోగ్రతగా మార్చునది మన గణితము. అంతరిక్షములో పరికరము క్రమముగా మార్పు చెందును. క్రిందికి దించి సరిచూచుటకు సాధారణముగా వీలుండదు.

ఇందలి చిక్కు ఎట్టిదో చూడుడు. 1978 చివరినుండి అమెరికా వాతావరణ ఉపగ్రహములు గాలిలోని ఆమ్లజని వెలువరించు సూక్ష్మతరంగములను కొలుచుచు వచ్చినవి. వానినుండి వాతావరణపు ఉష్ణోగ్రతను గణించు పద్ధతిని 1990లో రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నేలమీది ఉష్ణమాపకములు వేడి పెరుగుచున్నదని చెప్పుచుండగా, 1990 దశకములో వీరి లెక్కనుబట్టి దిగువ వాతావరణము కించిత్తు చల్లబడుచున్నట్లు కానవచ్చెను. దానిపై గొప్ప వివాదము చెలరేగినది.

పలుచని గాలి రాపిడిచే ఉపగ్రహములు మెల్లగా క్రిందికి దిగుచున్నవనియు, ఆ దిగుదలయే లెక్కలో చల్లదనముగా కనబడుచున్నదనియు 1998లో వెంట్జ్, షాబెల్ అనువారు చూపిరి. 2005లో మీర్స్, వెంట్జ్ మరియొక దోషమును కనుగొనిరి. ఉపగ్రహము ఒక ప్రదేశమును దాటు వేళ ఏటేట మారుచుండెను. మధ్యాహ్నపు వేడిమి, సాయంకాలపు వేడిమి ఒకటి కావు గదా! ఈ భేదమునకై చేసిన సవరణ విలోమముగా జరిగినది. స్పెన్సర్, క్రిస్టీలు తప్పును ఒప్పుకొని సరిదిద్దగా, వేడి పెరుగుదల మునుపటికంటె హెచ్చుగా తేలినది. మూల కొలతలు, కక్ష్య వివరములు, సవరణ విధము లిఖితమై యుండుటచేతనే ఇతరులు ఈ తప్పులను పట్టగలిగిరి.

అందుచేతనే ప్రతి దత్తాంశము వెంట దాని నాణ్యతను తెలుపు సూచిక ఉండవలెననియు, అది సర్వసమ్మతమైన ప్రమాణమువరకు జాడ తీయదగినదై యుండవలెననియు భూపరిశీలక ఉపగ్రహముల సమితి ఆమోదించినది. అమెరికాలోని రైల్‌రోడ్ వ్యాలీ, ఫ్రాన్సులోని లా క్రో, నమీబియాలోని గోబబేబ్, చైనాలోని బావోటౌలలో నేలపై నిలిపిన పరికరముల కొలతలతో ఉపగ్రహముల కొలతలను పోల్చుచున్నారు.

ఇది మనకు దూరపు మాట కాదు. షాద్‌నగరు కేంద్రమున ఉపగ్రహ సమాచారము దిగుచున్నది. కరవును నిర్ణయించుటలో పైరు పచ్చదనపు సూచిక కూడ లెక్కకు వచ్చును. ఎఱుపునకు ఆవలి కిరణములను చూచు పరికరము మందగించి, దానిని ఎవరును సరిచూడనిచో, పచ్చని చేను ఎండినట్లు కనబడును. ఇతర లోపములచే ఎండిన చేను పచ్చగా తోచవచ్చును. అప్పుడు నష్టపోవువాడు రైతే. కావున ఉపగ్రహము చెప్పినదన్న మాట చాలదు. ఆ అంకెకు ముద్ర యున్నదా యని అడుగుట మన విధి.