మీకు తెలుసా? చార్టు చేతికొచ్చాకే వ్యాపారం

2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్దామంటే ఫణీంద్ర సామా అనే యువ ఇంజనీరుకు బస్సు టికెట్టు దొరకలేదు. బిట్స్ పిలానీలో చదువు, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం, జేబులో డబ్బులు అన్నీ ఉన్నాయి, సీటే లేదు. మరుసటి ఏడాది ఆగస్టులో సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన రెడ్‌బస్ అనే కంపెనీ మొదలుపెట్టారు. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. అయితే ఆ పండగ రాత్రి బెంగళూరులో ఏదో ఒక ట్రావెల్స్ బస్సు ఖాళీ సీట్లతోనే హైదరాబాద్ బయల్దేరి ఉండొచ్చు. ఆ సీట్లున్న సంగతి ఆయన అడిగిన ఏజెంట్లకు తెలిసే దారి లేదు, అంతే.

అప్పట్లో ట్రావెల్స్ ఆఫీసులో బస్సుకొక చార్టు ఉండేది. గళ్లు గీసిన కాగితం, గడికొక సీటు నంబరు. ఏజెంటు ఫోన్ చేసి "హైదరాబాద్ రెండు కిటికీ సీట్లున్నాయా?" అంటే గుమస్తా చార్టు చూసి, ఉంటే ఆ గళ్లలో పేరు రాసుకునేవాడు. లైను ఎంగేజ్ వస్తే ఏజెంటు ఇంకో ట్రావెల్స్‌కి చేసేవాడు. కొందరు ఏజెంట్లకు ముందే కొన్ని సీట్లు కోటాగా ఇచ్చేసేవారు. ఈ ఏజెంటు దగ్గర నాలుగు సీట్లు మిగిలిపోతుంటే పక్క వీధి ఏజెంటు "ఫుల్ సార్" అని చేతులెత్తేసేవాడు. తిరుగు ప్రయాణం టికెట్టు సంగతి సరేసరి, ఊరు వెళ్లాక అక్కడే వెతుక్కోవాలి.

ఈ ముగ్గురికి మొదట వచ్చిన ఆలోచన టికెట్లు అమ్మడం కాదు. ఓ సాఫ్ట్‌వేర్ రాసి బస్సు యజమానులకు ఉచితంగా ఇచ్చేద్దామనుకున్నారు. ఉచితమన్నా వాళ్లు తీసుకోలేదు. తప్పు పట్టడానికేమీ లేదు. ఏళ్ల తరబడి కాగితం మీద సాఫీగా నడుస్తున్న బండిని, ముక్కూ మొహం తెలియని ముగ్గురు కుర్రాళ్లు తెచ్చిన కంప్యూటరుకి ఎవరు అప్పగిస్తారు? దాంతో దారి మార్చారు. కొద్ది సీట్లు తీసుకుని తామే అమ్మిపెట్టడం మొదలెట్టారు. ఐటీ కంపెనీల గేట్ల బయట నిలబడి ఉద్యోగుల చేతుల్లో కార్డులు పెట్టారు. టికెట్లు తెగుతుంటే యజమానులకు నమ్మకం కుదిరింది. ముందే సాఫ్ట్‌వేర్ అంటగట్టాలని పట్టుబట్టి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేదని నా అనుమానం.

ఇక్కడిదాకా రెడ్‌బస్ కూడా ఒక ఏజెంటే. కాకపోతే వెబ్‌సైటున్న ఏజెంటు. ఏజెంటుకి ఇచ్చే నాలుగు సీట్లే దానికీ వస్తాయి. మలుపు తిప్పింది రెండు వస్తువులు. ఒకటి బాస్, అంటే బస్ ఆపరేటర్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్. ట్రావెల్స్ ఆఫీసు బల్ల మీద ఉన్న ఆ కాగితం చార్టు ఇందులోకి వచ్చేసింది. యజమాని తన కౌంటర్లో అమ్మినా, ఏజెంటు అమ్మినా, సైటులో అమ్ముడైనా అన్నీ ఒకే చార్టులో పడతాయి. రెండోది సీట్‌సెల్లర్. అవే సీట్లను వీధి చివరి ట్రావెల్ ఏజెంటు కూడా తన కంప్యూటర్లో చూసి అమ్ముకునే ఏర్పాటు. ఏజెంట్ల పొట్ట కొడుతుందనుకున్న కంపెనీయే వాళ్లకు సరుకు అందించడం మొదలుపెట్టింది! జనం చూసేది సైటునే కాబట్టి మెచ్చుకోళ్లన్నీ సైటుకే దక్కాయి. నన్నడిగితే సొమ్ములున్న పెట్టె మాత్రం బాసే.

సీటు మీద నొక్కి డబ్బు కట్టే ఆ కొద్ది నిమిషాల్లో తెర వెనుక ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ సీటు మీ పేరున తాత్కాలికంగా ఆగిపోతుంది, ఇంకొకరికి దొరకదు. ఓటీపీ రాక మీరు విసుగెత్తి వదిలేస్తే, గడువు తీరగానే మళ్లీ అమ్మకానికి వస్తుంది. సంక్రాంతి ముందు రోజు విజయవాడ స్లీపర్‌లో ఒకే కింది బెర్తును పదిమంది ఒకేసారి నొక్కినా ఒక్కరికే దక్కాలి, మిగతా తొమ్మిది మంది డబ్బు పోకూడదు. మహిళ బుక్ చేసుకున్న సీటు పక్కన మహిళకే ఇవ్వాలన్న నిబంధన కూడా అక్కడే పని చేస్తుంది. రోజుకి పది టికెట్లు అమ్మేటప్పుడు ఇవన్నీ ఫోన్‌లో సర్దుకోవచ్చు. పండగ రద్దీలో మనుషులతో సర్దే పని కాదు.

వందల మంది బస్సు యజమానులకు వందల సాఫ్ట్‌వేర్లు రాయాలా? అక్కర్లేదు. ఊళ్లో ధాన్యం ఆడించే మిల్లు ఒక్కటే ఉంటుంది, ఎవరి బస్తాలు వారివి, ఎవరి బియ్యం వారికే. ఈ సాఫ్ట్‌వేర్‌ల పద్ధతీ అదే. నడిచే ప్రోగ్రాము ఒకటి, యజమానుల లెక్కలు వేర్వేరు. ఒకరి కలెక్షన్ ఇంకొకరికి కనబడదు. ఒక లోపం సరిచేస్తే అందరికీ ఒకేసారి సరవుతుంది. కొత్తగా ఒక ట్రావెల్స్ చేరితే అయ్యే ఖర్చు కొంచెం, వచ్చే కమీషన్ మాత్రం టికెట్టుకి టికెట్టు. ఖర్చు మెల్లగా, రాబడి వేగంగా పెరిగే ఈ లెక్క చూసే పెట్టుబడిదారులు డబ్బు పెట్టేది.

2013లో ఐబిబో అనే ఆన్‌లైన్ ట్రావెల్ గ్రూపు రెడ్‌బస్‌ని కొనేసింది. 2017లో ఐబిబోయే మేక్‌మైట్రిప్‌లో కలిసింది. ఇప్పుడు మలేసియా, ఇండోనేసియా, పెరూ, కొలంబియాల్లో కూడా రెడ్‌బస్ టికెట్లు దొరుకుతాయి. ఫణీంద్ర సామాను 2018లో తెలంగాణ ప్రభుత్వం చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరుగా తీసుకుంది.

బస్సుల సంగతి పక్కన పెట్టి మంచు దేశానికి వెళ్దాం. ఆన్‌లైన్ దుకాణాలు నడుపుకునే సాఫ్ట్‌వేర్ షాపిఫై పుట్టింది మంచు మీద జారే స్నోబోర్డుల కొట్టులోంచి! జర్మనీ నుంచి కెనడా వెళ్లిన టోబియాస్ ల్యూట్కే 2004లో స్నోడెవిల్ అనే ఆన్‌లైన్ దుకాణం తెరిచాడు. దొరికిన దుకాణం సాఫ్ట్‌వేర్‌లేవీ నచ్చక సొంతంగా రాసుకున్నాడు. బోర్డులకంటే ఆ సాఫ్ట్‌వేరే మంచి సరుకని తేలి 2006లో దాన్ని షాపిఫైగా బయటకు తెచ్చారు. 2009లో బయటి ప్రోగ్రామర్లకూ తలుపు తీశారు. దుకాణదారులకు పనికొచ్చే చిన్న చిన్న యాప్‌లు ఎవరైనా రాసి అక్కడే అమ్ముకోవచ్చు. కంపెనీ జీతమివ్వని మనుషులు కంపెనీ సరుకును మెరుగుపరుస్తూ పోయారు.

బయటివాళ్లకు ఇలా తలుపు తీయడం ఐఫోన్‌కీ తర్వాతి మాటే. 2007లో అది వచ్చినప్పుడు అందులో యాప్ స్టోరే లేదు. మరుసటి ఏడాది జూలైలో 500 యాప్‌లతో తెరిచారు. ఆ ఏడాది పాటు ఐఫోన్ ఒక మంచి ఫోను మాత్రమే.

స్లాక్ కథ ఇంకా తమాషా. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేసింది. ఆట నడవలేదు, 2012లో మూసేశారు. ఆట కట్టేటప్పుడు తమలో తాము మాట్లాడుకోవడానికి రాసుకున్న మెసేజింగ్ పరికరం మాత్రం మిగిలింది. అదే స్లాక్ అయింది. సేల్స్‌ఫోర్స్ దాన్ని సుమారు 27.7 బిలియన్ డాలర్లకు కొంది. అంతకుముందు ఇదే బటర్‌ఫీల్డ్ ఇంకో ఆట మొదలెట్టి పూర్తి చేయలేకపోతే అందులోంచి ఫొటోల సైటు ఫ్లికర్ పుట్టింది. ఆయన ఆటలు ఆడినవాళ్లకంటే ఆగిపోయిన ఆటల వల్ల లాభపడినవాళ్లే ఎక్కువ.

మళ్లీ బస్సుల దగ్గరికి వస్తే, ఇదంతా పూలబాటేమీ కాదు. చార్టు చేతికొచ్చినవాడికి పెత్తనమూ వస్తుంది. ఏ బస్సు జాబితాలో పైన కనబడాలి, కమీషన్ ఎంత, రేటింగ్ తగ్గితే ఏమవుతుంది, ఇవన్నీ ఇప్పుడు యజమాని చేతిలో లేవు. అందుకే పెద్ద ట్రావెల్స్ వాళ్లు సొంత యాప్‌లూ నడుపుతున్నారు. ఇక అర్ధరాత్రి కర్నూలు దాటాక బస్సు ఆగిపోతే ప్రయాణికుడు ముందు తిట్టేది టికెట్టు కొన్న యాప్‌నే. ఒక్క బస్సూ లేని కంపెనీ బస్సు రిపేరుకి జవాబు చెప్పాలి. ఈ ఖర్చు మాత్రం సాఫ్ట్‌వేర్‌తో తగ్గదు, ఫోన్ ఎత్తే మనుషులు కావాల్సిందే.

ఫంక్షన్ హాళ్లు, వరికోత యంత్రాల అద్దె, టెంట్‌హౌస్ సామాను, ఇవన్నీ మన ఊళ్లలో ఇంకా చాలాచోట్ల డైరీలోనూ ఫోన్‌లోనూ నడుస్తున్నాయి. కోతల రోజుల్లో ఒకే యంత్రాన్ని ఇద్దరు రైతులకు మాటిచ్చి గొడవలవడం మీరు చూసే ఉంటారు. అలాంటి చార్టు ఇంకా కాగితం మీదే ఉన్న వ్యాపారం మీ ఊళ్లో ఏదైనా ఉంటే, అది ఎవరి చేతిలో ఉందో, ఎలా నడుస్తోందో మాకు రాయండి. యాప్ ఆలోచనలు వద్దు, ముందు ఆ డైరీ సంగతి చెప్పండి.