పెట్రోలు వెలలోని పన్నులు

ఎదుర్లంక వారధిమీదుగా గౌతమిని దాటి యానాము చేరిన ద్విచక్రవాహనములు పెక్కు అచటి పెట్రోలు బంకుల యొద్ద ఆగుచుండును. ఏలయన, ఏటి కీవల ఆంధ్రప్రదేశమున అమ్ముడగు చమురే పుదుచ్చేరి పాలనలోనున్న ఆ పట్టణమున తక్కువ వెలకు లభించుచున్నది. ఈ భేదమునకు మూలము పన్ను. 2017 జులై 1న జీఎస్టీ అమలులోనికి వచ్చినను పెట్రోలు, డీజిలు దాని వెలుపలనే నిలిచినందున, కేంద్రము లీటరున కింతయని ఎక్సైజు సుంకమును, రాష్ట్రము నూటి కింతయని వ్యాట్‌ను వేర్వేరుగ గైకొనుచున్నవి. ఆంధ్రప్రదేశమున పెట్రోలుపై వ్యాట్ 31 శాతము. అదిగాక లీటరునకు 4 రూపాయల అదనపు పన్నును, రూపాయి రహదారి సెస్సును గలవు. తెలంగాణమున వ్యాట్ 35.2 శాతము. ఎక్సైజు కలిసిన వెలపైననే వ్యాట్ లెక్కింపబడుటచే పన్నుమీదను పన్ను పడుచున్నది. ఇది నాకు న్యాయముగ తోచదు.

2020లో ముడిచమురు వెల పతనమైనప్పుడు కేంద్రము రెండు విడతలుగ పెట్రోలుపై 13, డీజిలుపై 16 రూపాయల సుంకము పెంచుటచే, ఆ చవుక వాహనదారునకు దక్కలేదు; ఆ పెంపు 2021 నవంబరు, 2022 మే నెలలలో గాని తగ్గలేదు.

బంకులో వెల ఏ యుదయముననైనను మారవచ్చును గాని, షేరు ఆటో నడుపువాడు చార్జీని నాటికి నాడు పెంచజాలడు, పెంచినచో ప్రయాణికుడు వెనుక వచ్చు ఆటో ఎక్కును. కావున ఆ భారము వాని యింటి బియ్యము, పప్పుల ఖర్చులోనుండియే తీరుచున్నది. లారీ యజమాని మాత్రము డీజిలు భారమును కిరాయిలో కలుపుకొనగా, మదనపల్లె టమాటా కొనువారు దానిని చెల్లించుచున్నారు.