శిక్షాభయము – ప్రాణరక్షణము

కాలువకు గండి పడిన రాత్రి కేకవేసి ఊరిని లేపినవానిని “ఆ వేళ గట్టుమీద నీకేమి పని?” అని ముందుగా నిలదీయు గ్రామము తెనాలి ప్రాంతమున ఉండునా? ముందు గండి పూడ్తురు. విచారణ తరువాతి మాట. మాదకద్రవ్యము మోతాదు మించి ఊపిరి నిలిచిపోవుచున్న యువకుని విషయమున మాత్రము మన చట్టము ఈ వివేకమును ఇంకను అలవరచుకొనలేదు.

తెనాలిలో ఒక అద్దెగదిలో ముగ్గురు విద్యార్థులున్నారనుకొందము. నల్లమందు జాతికి చెందిన మందేదో పుచ్చుకొని ఒకడు స్పృహ తప్పినాడు. పెదవులు నీలివన్నెకు తిరుగుచున్నవి. ఇట్టి మందులు శ్వాసను మందగింపజేయును. ప్రాణవాయువు అందని మెదడు కొలది నిమిషములలోనే చెడును. సకాలమున కృత్రిమశ్వాస నిచ్చి, నాలోక్సోన్ అను విరుగుడు మందు నిచ్చినచో రోగి పెక్కుమారులు తేరుకొనును. కావున 108కు ఫోను చేయుటయే తక్షణ కర్తవ్యము. కాని మిత్రులు వెనుకాడుదురు. అంబులెన్సు వెంట పోలీసులు వత్తురేమో! కేసు పెట్టుదురేమో! ఆ తటపటాయింపులోనే ప్రాణము పోవును.

ఈ భయము నిరాధారము కాదు. పరపాలకులనాటి నల్లమందు చట్టములను రద్దుచేసి వచ్చిన 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఉద్దేశము మంచిదే. కాని దాని 27వ సెక్షను ప్రకారము సేవించుటయే నేరము. హెరాయిన్, మార్ఫిన్, కొకెయిన్లకు ఏడాదివరకు కఠినకారాగారమో, 20,000 రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ట్రమడాల్ అను నొప్పిమందు కూడ 2018లో ఈ చట్టము క్రిందికి వచ్చినది.

అదే చట్టపు 64-ఏ సెక్షనులో కొంత దయ లేకపోలేదు. వ్యసనపరుడు తానై కోరి, ప్రభుత్వ గుర్తింపుగల చికిత్సాలయమున పూర్తిగా చికిత్స పొందినచో విచారణ తప్పును. కాని స్పృహ తప్పినవాడు తానై ఎట్లు కోరగలడు? తొలిసారి రుచిచూచినవాడు వ్యసనపరుడెట్లగును? ఫోను చేసిన మిత్రుని ప్రసక్తియే అందు లేదు.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రము 2007లోను, కాలిఫోర్నియా 2012లోను, ఆపై కెనడా దేశము 2017లోను ఈ లోపమును సవరించుకొన్నవి. సహాయమునకై పిలిచినవానికిని, ఆపదలోనున్నవానికిని, సొంత వాడుకకై కొద్దిపాటి మందు కలిగియుండిన నేరమునుండి అచ్చట రక్షణ కలదు, అమ్మకందారునకు లేదు. బిడ్డలను ఆ దేశములకు చదువులకు పంపిన మన తల్లిదండ్రులు ఈ సంగతి వారికి తెలుపవలెను. రాష్ట్రమునకొక తీరుగా నియమములున్నను, ఆపదలో 911కు ఫోను చేయుటకు సంకోచింపరాదు.

మనకును ఇట్టి మార్గము క్రొత్తది కాదు. రోడ్డు ప్రమాదమున గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుటకు జనులు జంకుచుండగా, సుప్రీముకోర్టు 2016లో సహాయకుల రక్షణకై ప్రభుత్వ నియమములను ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134-ఏ సెక్షను చేరినది. మోటారు ప్రమాదమున ఒప్పిన న్యాయము మందు ప్రమాదమున ఏల ఒప్పదు?

ఇది దుర్వ్యసనమునకు ప్రోత్సాహమగునని కొందరందురు. వ్యసనమును మేమును గర్హింతుము. కాని చచ్చినవానిని సంస్కరింప ఎవరి తరము? అమ్మువానిని కఠినముగా శిక్షింపుడు. ప్రాణము నిలుపుటకై పిలిచి, వైద్యునితో నిజము చెప్పి, కడవరకు రోగి చెంత నిలిచినవానిని విడువుడు.

పార్లమెంటు 64-ఏ సెక్షనునకు ఈ మేరకు ఒక ఉపసెక్షను చేర్చిన చాలును. అంతవరకు తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఒక్క అభయమీయవలెను: “ఏ తప్పు చేసినను ముందు మమ్ము పిలువుము, ప్రాణము దక్కిన తరువాతనే మందలింపు.” ఈ సవరణకు మన ప్రతినిధులు సత్వరమే పూనుకొందురని ఆశించుచున్నాము.